పెద్దముక్కుకు రెక్క కుట్టిన గొడుగక్క

గొడుగక్క ఎండకని గొడుగు పట్టదు, వానకనీ పట్టదు. నెత్తిమీద ఏదో పడుతుందని పడుతుంది. ఇంటి నుంచి లారీల అడ్డా వెనకనున్న ఆమె షెడ్డు పెద్ద దూరమేమీ కాదు. ఆ కాస్త దూరానికే నల్లగొడుగు తెరిచి, జుట్టుకు తగిలేంత కిందికి దించి, గోడల వారన కాకుండా వీధి నట్టనడుమ నడుస్తుంది. వెనకాల హారన్లు మోగుతాయి. మోగనీ అంటుంది. బండి వస్తే చప్పుడవుతుంది, పక్కకు తప్పుకోవచ్చు. మేడ మీది పూలకుండీ చెప్పి పడదు కదా.

ఆమె చేసేది టార్పాలిన్ పట్టాలు కుట్టే పని. లారీల మీద సరుకు కప్పే పట్టాలు, దుకాణాల ముందు దించే పరదాలు, పడవల మీది కప్పులు. ఆమె కుట్టిన పట్టాలోంచి చుక్క నీరు దిగిందని ఇంతవరకు ఎవరూ వెనక్కు తీసుకురాలేదు. షెడ్డు రేకులు చెయ్యెత్తితే అందుతాయి. పొడుగ్గా ఉన్న డ్రైవర్లు వంగి లోపలికి రావాలి. "కప్పు కాస్త ఎత్తు చేయించక్కా, మెడలు పట్టేస్తున్నాయి" అని ఎవరైనా అంటే, "మీ మెడలు మీ ఇంట్లో చాపుకోండి" అంటుంది. చేతికందే కప్పును తడిమి చూసుకోవచ్చు. ఏ బోల్టు వదులైందో తెలుస్తుంది. అందని కప్పులో ఏది ఊడబోతోందో ఎవరికి తెలుసు.

ఇదంతా విని నవ్వేవాళ్లకు ఆమె కారణం చెప్పేది కాదు. చిన్నప్పుడు బడి నుంచి అక్క చెయ్యి పట్టుకుని ఇంటికి వస్తోంది. ఈదురుగాలి లేచింది. ఒక దుకాణం పైనున్న రేకు బోర్డు ఊడి, ఎగిరి, దిగింది. అంత పెద్ద వస్తువు అంత నిశ్శబ్దంగా వస్తుందని ఆ పిల్లకు అప్పటిదాకా తెలియదు. చప్పుడు తర్వాత వినిపించింది. అక్క చెయ్యి ఆమె చేతిలోనే ఉంది. చెయ్యి వదల్లేదు, మనిషే వదిలేసి వెళ్లిపోయింది. గొడుగు గుడ్డ రేకును ఆపలేదని ఆమెకూ తెలుసు. తెలిసీ గొడుగు పడుతుంది.

"మా కోడలికి ఆకాశం మీద నమ్మకం లేదు. ఇంకెక్కడైనా పుట్టాల్సింది" అంటుంది అత్త. అత్త నోరు పదునే కానీ, గాలి వీచే రోజుల్లో కోడలు చెప్పకముందే మేడ మీది బట్టలూ బకెట్లూ అన్నీ కిందికి దించేది ఆవిడే. భర్త లారీ నడుపుతాడు. పట్టా కుట్టించుకోవడానికి వచ్చి పెళ్లి చేసుకున్నాడు. "గొడుగు కింద మొహం ఎలా ఉంటుందో చూద్దామని చేసుకున్నా. ఇంకా పూర్తిగా చూడలేదు" అని స్నేహితుల దగ్గర వాపోతాడు.

ఒకరోజు షెడ్డులోకి ఒక పొడుగాటి ఆవిడ వచ్చింది. వంగడం మరిచిపోయి రేకుకు నుదురు కొట్టుకుంది. నుదురు రుద్దుకుంటూనే, ఊళ్లో కొత్తగా కడుతున్న మ్యూజియంలో పాత జంతువుల ఎముకలు చూసుకునేది తానేనని చెప్పింది. తర్వాత అందరూ ఆవిడను ఎముకల మేడమ్ అన్నారు. ఆవిడకు ఒక పట్టా కావాలి.

"ఎంత నిడివి?" అని అడిగింది గొడుగక్క.

"రెండు లారీలు ఒకదాని వెనక ఒకటి పెడితే ఎంతుంటుందో, ఇంచుమించు అంత. రెండు రెక్కలకీ కలిపి."

"రెక్కలా?"

మేడమ్ మిషన్ మీద ఒక పెద్ద కాగితం పరిచింది. పొడవాటి మెడ, పళ్లు లేని ఈటెలాంటి ముక్కు, ఒళ్లంతా నూగు, చీలమండల దాకా చర్మపు రెక్కలు. పక్కనే కొలత తెలియడానికి ఒక మనిషి బొమ్మ వేశారు. మనిషి దాని మోకాలి దగ్గర నిలబడ్డ చిన్నపిల్లాడిలా ఉన్నాడు.

"గద్దా ఇది?"

"కాదండి. ఇది పక్షి కాదు, పక్షులు దీని పిల్లలూ కావు. ఎగిరే సరీసృపం. రాక్షసబల్లులకి దాయాది అనుకోండి. అవి నేల మీద తిరిగిన కాలంలో ఆకాశం వీటిదే. వాటితోపాటే పోయాయి."

"పోయాయి కదా?" గొడుగక్క కాగితం మీదనుంచి చూపు తిప్పలేదు. "ఎక్కడా ఒక్కటీ మిగల్లేదు కదా?"

"ఒక్కటి కూడా. ఆరున్నర కోట్ల ఏళ్లయింది."

"మంచిదైంది."

మేడమ్ నవ్వింది. గొడుగక్క నవ్వలేదు. పని ఒప్పుకుంది కానీ ఒక షరతు పెట్టింది. పట్టా నేల మీద పరిచి కుడుతుంది. దాన్ని పైకెత్తే రోజున ఆ చుట్టుపక్కల కనబడదు. ఎందుకని మేడమ్ అడగలేదు. అడగనందుకే ఆవిడ నచ్చింది.

ఆ రాత్రి ఫోనులో భర్త విని, "ఉన్నవాటికి భయపడింది చాలక, లేనివాటిని కుట్టి తెచ్చుకుంటున్నావా?" అన్నాడు.

మ్యూజియం హాలు లారీల గోదాముకంటే పెద్దది. కప్పు ఎక్కడో పైన, దాని కింద ఇనుప దూలాలు. మొదటిరోజు గొడుగక్క లోపల కూడా గొడుగు తెరిచే ఉంచింది. సున్నం వేసేవాళ్లు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. అక్కడ గొలుసులూ పుల్లీలూ చూసుకునే నడివయసు మనిషి ఒకడున్నాడు. వయసుతో పని లేకుండా అందరికీ బావే, గొలుసుల బావ. అతను ఒక మూల దూలాన్ని చూపించి, "దాని కింద కుట్టుకో అక్కా. ఆ ముక్క నేనే బిగించా, నా పెళ్లికన్నా గట్టిది" అన్నాడు. గొడుగక్క మిషన్ అక్కడికి జరిపించుకుంది.

బొమ్మ అప్పటికే సిద్ధంగా ఉంది. తేలికైన గొట్టాలతో ఎముకలు, వాటి మీద స్పాంజి ఒళ్లు, ఒంటికి నూగు. నేలమీద పడుకున్నా దాని మొహం ఆమె కంటే పొడుగు. పనివాళ్లు దానికి పెద్దముక్కు అని పేరు పెట్టారు. గాజు కళ్లు పెట్టిన రోజు నుంచి గొడుగక్క దానికి వీపు తిప్పి కూర్చోలేకపోయింది. ఎదురుగా కూర్చోవడమూ కష్టంగానే ఉండేది.

భయమున్నచోట ఆమెకు ప్రశ్నలెక్కువ. సూది ఆడుతుంటే నోరూ ఆడేది.

"ఈ గొట్టం ఏమిటండీ, చెయ్యి కన్నా పొడుగు?"

"వేలు. ఒక్క వేలు" అంది మేడమ్. పక్కన చాప మీద కూర్చుని, గొడుగక్క చెయ్యి పట్టుకుని ఉంగరం వేలు పైకెత్తింది. "మీది ఇంత ఉంది కదా. ఇదొక్కటే పెరిగి పెరిగి మీ షెడ్డు దాటి బయటికొచ్చిందనుకోండి. దాని కొస నుంచి కాలి దాకా చర్మం. గబ్బిలానికి రెక్కలో వేళ్లన్నీ ఉంటాయి. దీనికి ఈ ఒక్కటే. మిగతా మూడూ చిన్నవి, నడవడానికి."

"నడవడానికా?"

"మరి? దిగితే రెక్కలు గొడుగులా ముడుచుకుని నాలుగు కాళ్ల మీద నడిచేది."

గొడుగక్క సూది ఆగింది. తాను కుడుతున్నది ఆకాశంలో తిరిగే దానికనుకుంది. నేల మీద నడుస్తుందని ఆమె అనుకోలేదు.

మేడమ్‌కు ఎదుటివాళ్ల భయం తొందరగా తెలియదు. ఇష్టమైన విషయం దొరికితే లోకం మరిచిపోయే మనిషి. ఉత్సాహంగా చెప్పుకుపోయింది. ఇంత పెద్దవి ఆకాశంలోంచి గద్దలా దూకి పట్టేవి కావట. ఎత్తు నుంచి నేల చూసుకుంటూ నింపాదిగా దిగి, పొలాల్లో కొంగల్లా అడుగులో అడుగు వేసుకుంటూ నడిచేవని ఆ శాస్త్రం చదివిన చాలామంది అనుకుంటారట. పొదల మధ్య కదిలినదాన్ని ముక్కుతో ఎత్తి పట్టుకుని, నమలకుండా మింగేవట. నమలడానికి పళ్లేవి?

"ఎంతటివాటిని మింగేది?"

"రాక్షసబల్లుల పిల్లల్ని. ఇంతింత ఉన్నవాటిని" అంటూ మేడమ్ చేతులు చాపి చూపించింది. బడిపిల్లంత.

గొడుగక్క సంచి సర్దుకుని ఆ పూట తొందరగా ఇంటికి వెళ్లిపోయింది.

అప్పటినుంచి కల మొదలైంది. కలలో ఆమె షెడ్డులో ఉంటుంది. కప్పు చేతికందుతూ ఉంటుంది, బోల్టులన్నీ బిగువుగా ఉంటాయి. బయట ఏదో తొందర లేకుండా నడుస్తూ ఉంటుంది. తలుపు దగ్గర ఆగుతుంది. తర్వాత పొడుగాటి డ్రైవర్లు వంగినట్టే మెడ వంచి, ముక్కు ముందు పెట్టి, లోపలికి వస్తుంది. ఆమె పక్కన ఎవరిదో చెయ్యి ఉంటుంది. ఆ చేతివైపు తిరిగి చూడటానికి ధైర్యం చాలకముందే మెలకువ వచ్చేది. ఒకసారి అరిచిందేమో, పక్కగదిలోంచి అత్త వచ్చి మంచం అంచున కూర్చుంది. "ఆ దిక్కుమాలిన పని మానెయ్యరాదూ" అంది.

"సగం కుట్టి మానేస్తే అది ఇంకా ఎక్కువ కల్లోకి వస్తుందత్తా."

పని చివరికొచ్చినప్పుడు గొలుసుల బావ ఒక మాట అన్నాడు. రెక్కలో అక్కడక్కడా చీలికలు పెడితే మంచిది, ఎత్తాక గాలి పట్టకుండా పోతుంది అని. గొడుగక్క ఒంటికాలి మీద లేచింది. "నా పట్టాకు చిల్లులా? చిల్లులున్న పట్టా కావాలంటే ఎలకల్ని పిలుచుకో బావా, నన్నెందుకు?" మేడమ్‌కూ చీలికలు ఇష్టం లేదు. అసలు చర్మంలో సన్నని నారపోగులుండేవి, కండ పొరలుండేవి, రెక్క బిగువుగా నిలిచేది, చీలికలు పెడితే చిరుగు గుడ్డలా ఉంటుంది అంది. హాలు నాలుగు వైపులా మూసే ఉంటుందని, లోపలికి గాలి ఎక్కడిదని కూడా అంది. బావ భుజాలెగరేసి ఊరుకున్నాడు. కప్పుకు కొక్కేలు మాత్రం అనుకున్నదానికన్నా లావువి వేశాడు.

ఎత్తిన రోజు గొడుగక్క మాట ప్రకారం రాలేదు. షెడ్డులో ఒక పాత పరదాకు రింగులు కొడుతూ కూర్చుంది. సుత్తి దెబ్బ పడినప్పుడల్లా మనసు హాలుకే పోయింది.

మర్నాడు మధ్యాహ్నం బావ వచ్చాడు. గడప దగ్గరే నిలబడి తల గోక్కున్నాడు.

"ఎత్తేటప్పుడు ఒక కొక్కెం తగులుకుని కుట్టు విడిపోయింది. ఎడమ రెక్క కాలి దగ్గర కలిసేచోట. జిగురు పెట్టి చూశాం, నిలవట్లేదు."

"దించి తీసుకురా. కుడతా."

"దించి మళ్లీ ఎత్తాలంటే చాలా పనక్కా. రేపే తలుపులు తెరుస్తున్నారు. జనానికి చెప్పేశారు."

"అయితే అలాగే వదిలెయ్."

బావ వెళ్లబోతుంటే ఆమే మళ్లీ పిలిచింది. "ఆ కుట్టు లోపల ఒక గొట్టం ఉంటుంది. కుట్టే దాన్ని పట్టుకుని ఉంచేది. కుట్టు పోతే గొట్టం జారుతుందా?"

"ఇవాళ రేపు జారదు. తర్వాత చెప్పలేం."

"కింద ఎవరు నిలబడతారు?"

"అందరూ. పిల్లలైతే సరిగ్గా కిందే నిలబడి నోళ్లు తెరుచుకుని చూస్తారు."

గొడుగక్క సుత్తి పక్కన పెట్టింది. తర్వాత సూదుల డబ్బా, మైనం దారం, పట్టా కోసే వంకర కత్తి సంచిలో వేసుకుంది.

హాల్లోకి అడుగు పెట్టగానే ఆమె పైప్రాణాలు పైనే పోయాయి. నేల మీద ఉన్నప్పుడు పెద్దముక్కు పెద్ద బొమ్మ. పైకెక్కాక అది బొమ్మలా లేదు. రెక్కలు హాలును దాదాపు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా కప్పేశాయి. నడుమ నేలంతా దాని నీడే. ఆ నీడలోనే పనివాళ్లు అద్దాల పెట్టెలు తుడుచుకుంటున్నారు, చీపుళ్లు పట్టి ఊడుస్తున్నారు. గొడుగక్క గోడ వెంబడే, నీడ అంచు తొక్కకుండా, ఎత్తే బండి దాకా నడిచింది. చక్రాల మీద ఇనుప కాళ్లు కత్తెరలా విచ్చుకుని పైకి లేచే బండి అది. పైన నడుమెత్తు కంచె ఉన్న ఒక అరుగు. అది ఎక్కాలంటే గొడుగు మూయాలి. మూసి గోడకు ఆనించింది.

బావ ఆమె నడుముకు బెల్టు కట్టి, కంచెకు తగిలించాడు. "కిందికి చూడకు" అన్నాడు.

"కింద చూస్తే నాకేం కాదు. నా బాధ పైనుంచి."

అరుగు కదిలింది. ఆమె కళ్లు మూసుకుని బావ చొక్కా గుప్పిట్లో పట్టుకుంది. మేడమ్ కిందనుంచి ఏదో ధైర్యం చెబుతోంది. బండి ఆగాక, ఇంక తప్పదని కళ్లు తెరిచింది. పెద్దముక్కు వీపు ఆమె నడుము కింద ఉంది. నూగు మీద అప్పుడే కాస్త దుమ్ము పట్టింది. తలపైన కప్పు దాదాపు చేతికందేలా ఉంది. ఆమె అప్రయత్నంగా చెయ్యెత్తి దగ్గర్లోని దూలాన్ని ముట్టుకుని చూసింది. చల్లగా, కదలకుండా ఉంది. విడిపోయిన కుట్టు దొరికింది. సూదిలో దారం ఎక్కింది.

"ఇంత బరువుతో అసలెలా లేచేదట బావా?" అని అడిగింది, భయాన్ని మాటల్లో పెట్టి మరిచిపోదామని.

"మేడమ్ చెప్పింది. ముందుకాళ్ల మీద ఒరిగి, ఒక్క ఊపున నేలను తన్ని గాల్లోకి లేచేదట. ఎముకలు లోపల బోలు. గోడలు పలచన. నా తలకాయలాగా."

ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వు మొహం మీద ఉండగానే వెనకవైపు పెద్ద షట్టరు గరగరా లేచింది. గాజు పెట్టెలు తెచ్చిన లారీ వెనక్కు వచ్చి సగం లోపలికి నిలబడింది. బయట వెలుతురు మారిపోయి ఉంది. మబ్బు కమ్మింది. ముందువైపు తలుపులు అప్పటికే బార్లా తెరిచి ఉన్నాయి.

ముందు నేల మీది కాగితాలు లేచాయి. ఆ తర్వాత రెక్క ఊపిరి తీసుకుంది.

ఆమె చేతికింద, ఆమె కుట్టిన పట్టా ఉబ్బింది. చుక్క నీరు దిగని పట్టాలోంచి గాలి మాత్రం ఎలా పోతుంది? పెద్దముక్కు ఒళ్లంతా పైకి లేచింది. బిగుతుగా ఉన్న ఇనుప తాళ్లు ఒక్కసారి వదులై వేలాడాయి. మరుక్షణం అది కిందికి దిగి, తాళ్లు పట్టేసి, కప్పు మొత్తం మోగింది. ముక్కు మెల్లగా తిరిగి వాళ్లవైపుకు వచ్చింది.

"షట్టరు దించండి" అని బావ అరిచాడు.

లారీ అడ్డంగా ఉంది. షట్టరు దిగదు. డ్రైవరు టీకి వెళ్లాడు. ఎవరో అతని కోసం పరుగెత్తారు. బావ బండిని దించే మీట నొక్కాడు. అరుగు జానెడు దిగి ఆగిపోయింది. రెక్క గొట్టమొకటి కంచెలో ఇరుక్కుంది. రెండో విసురు వచ్చింది. మళ్లీ లేచింది, మళ్లీ పడింది. ఈసారి వదులైన తాడొకటి కొరడాలా తిరిగి బావ భుజం మీద కొట్టింది. అతను మోకాళ్ల మీద కూలబడ్డాడు. పైన ఒక కొక్కెం వంగడం గొడుగక్క కళ్లారా చూసింది.

అప్పుడు కిందికి చూసింది. పనివాళ్లు గోడలవైపు పరుగెడుతున్నారు. ఊడ్చే ముసలావిడ ఒకతె ఎటు పోవాలో తెలియక నడిమధ్యన నిలిచిపోయింది. మేడమ్ ఆవిడ చెయ్యి పట్టుకుని లాగుతోంది. ఇద్దరూ సరిగ్గా నీడ మధ్యలో ఉన్నారు. చెయ్యిలో చెయ్యి ఉంది.

గొడుగక్క చెయ్యి సంచిలోకి వెళ్లింది. వంకర కత్తి పిడి చేతికి తగిలింది. కంచె మీదికి వాలి, ఉబ్బిన రెక్కలో కత్తి దించింది.

పట్టా అంత తేలిగ్గా తెగలేదు. అది ఆమె ఎంచి తెచ్చిన గుడ్డే. రెండు చేతులతో పట్టుకుని తనవైపు లాగింది. బర్రున చీలింది. ఆ చీలికలోంచి గాలి ఈల వేస్తూ ఆమె మొహాన కొట్టింది. ఇంకొక చోట దించింది. ఇంకొక చోట. చెయ్యి అందని దగ్గర, కంచె మీదినుంచి నడుము దాకా రెక్క మీదికి వాలిపోయింది. వెనకనుంచి ఎవరో బెల్టు పట్టుకున్నారు. బావ, మిగిలిన ఒక్క చేత్తో. "కొయ్యక్కా, పట్టుకున్నా" అన్నాడు పళ్ల బిగువున. ఆమె ఏడుస్తోంది, కోస్తోంది. కుట్టు దగ్గరికొచ్చినప్పుడు అలవాటుగా చెయ్యి ఆగబోయింది. ఆగనివ్వలేదు, దాన్నీ తెంపింది.

ఎడమ రెక్క పీలికలై కొట్టుకోసాగింది. పెద్దముక్కు ఒకవైపుకు ఒరిగి, ఊగి, మరి లేవలేదు. వంగిన కొక్కెం వంగినచోటే ఆగింది. ఇంతలో లారీ కదిలిన చప్పుడు, షట్టరు దిగిన చప్పుడు వినిపించాయి. హాలంతా ఒక్కసారి ఎంత నిశ్శబ్దమైందంటే, కింద ముసలావిడ మెల్లగా మూలుగుతున్న గొంతు పైదాకా వచ్చింది. ఆవిడకు దెబ్బేమీ తగల్లేదు, భయానికే.

గొట్టం విడిపించి వాళ్లను కిందికి దించేసరికి చాలాసేపు పట్టింది. గొడుగక్క వేళ్లు కత్తి పిడిని వదల్లేదు. మేడమ్ ఒక్కొక్క వేలూ విప్పి తీయాల్సి వచ్చింది.

"గాలెక్కడిది అన్నాను నేను" అంది మేడమ్.

"చిల్లులు పెట్టనన్నాను నేను" అంది గొడుగక్క.

స్ట్రెచర్ మీద పడుకున్న బావ, "నేనేమీ అనలేదు. నా భుజం ఎముకే పోయింది" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియక ఇద్దరూ ఏడ్చారు.

తలుపులు తెరిచే రోజు వాయిదా పడింది. పెద్దముక్కును నేలకు దించారు, కొక్కేలన్నీ మార్చారు. రెక్క కొత్తగా కుట్టిస్తారనుకుంటే, గొడుగక్క ఆ చీలికలను అలాగే ఉంచి, ఒక్కొక్క దానికీ అంచు మడిచి కుట్టింది. కుడి రెక్కలో కూడా అలాంటివే కోసింది. దూరం నుంచి చూస్తే అవి చర్మం మీది గీతల్లా ఉన్నాయి. బావ చేతికి కట్టుతో వచ్చి పక్కనే కూర్చుని చూశాడు. ఎలకలను పిలిపించమంటావా అని మాత్రం అడగలేదు, మంచి మనిషి.

ఆ పని చేస్తుంటే మేడమ్ ఒకరోజు పిల్లల సంగతి చెప్పింది. వాటి గుడ్లు పక్షి గుడ్లలా పెంకు గట్టిగా ఉండేవి కావట, తోలులా మెత్తగా ఉండేవట. తల్లి వాటిని మట్టిలో పూడ్చి పోయేదనుకుంటారు. పిల్ల బయటికి వచ్చేసరికే దాని రెక్క ఎముకలు గట్టిపడి ఉండేవని, కొద్దికాలానికే ఎగిరేదని కొందరంటారు.

"అంటే పక్కన ఎవరూ ఉండరా?" అంది గొడుగక్క.

"తెలియదు. బహుశా ఉండరు."

"దానికి భయమేసేది కాదా?"

రాళ్లలో భయం మిగలదు అంది మేడమ్.

ఇంత చేసిన మనిషికి భయం పోయి ఉంటుందని వీధిలో అనుకున్నారు. పోలేదు. కొన్నాళ్లు ఇంకా ముదిరింది. షెడ్డుకు కూడా వెళ్లలేక, ఇంట్లో మంచం పక్కన నేలమీద కూర్చుని, గాలి వీస్తే చెవులు మూసుకునేది. భర్త లారీ ఆపేసి ఇంటిపట్టున ఉన్నాడు. జోకులు మానేశాడు. అత్త వంటింట్లో పని చేసుకుంటూ పెద్దగా మాట్లాడుతూ ఉండేది, గాలి చప్పుడు వినబడకుండా. మెల్లగా తేరుకుంది. కల మాత్రం మారింది. ఇప్పుడు షెడ్డులోకి ఏదీ రాదు. ఆమె పక్కనున్న చేతివైపు తిరిగి చూస్తుంది. అది అక్క చెయ్యే. అంతే, ఇంకేమీ జరగదు.

మ్యూజియం తెరిచిన చాలా కాలానికి భర్త బలవంతం మీద చూడటానికి వెళ్లింది. తలుపు దగ్గరే ఆగిపోయింది. పెద్దముక్కు పైన ఉంది. దాని కింద బడిపిల్లలు గుంపుగా నిలబడి, మెడలు వెనక్కి వంచి చూస్తున్నారు. కొత్త కొక్కేలు ఎంత లావువో ఆమెకు తెలుసు. బావ స్వయంగా చూపించాడు. అయినా లోపలికి కాలు పెట్టలేదు. గోడ పట్టుకుని నిలబడి, మేడమ్‌ను పిలిపించమంది.

"వాళ్లని అక్కణ్నించి తియ్యండి" అంది.

"అది పడదండి. ఇంకో పదింతల బరువైనా మోస్తుంది."

"పడదు. నాకూ తెలుసు. అయినా తియ్యండి."

మేడమ్ ఆమె మొహం చూసింది. పిల్లలను అద్దాల పెట్టెలవైపు పంపించింది. ఆ వారంలోనే పెద్దముక్కు నీడ పడినంత మేర చుట్టూ తక్కువ ఎత్తు కంచె ఒకటి వచ్చింది. బొమ్మను ఎవరూ ముట్టుకోకుండా పెట్టారని జనం అనుకుంటారు. అంత ఎత్తున ఉన్నదాన్ని ఎవరు ముట్టుకుంటారని ఎవరూ ఆలోచించరు.

గొడుగక్క ఇప్పటికీ పట్టాలు కుడుతోంది. ఎప్పుడైనా తోచినప్పుడు మ్యూజియానికి వెళ్లి, కంచె బయట బెంచీ మీద కాసేపు కూర్చుంటుంది. పెద్దముక్కు వైపు పెద్దగా చూడదు. కంచె లోపల ఖాళీగా ఉన్న నేలను చూస్తుంది. అక్కడ ఎవరూ లేరని రూఢి చేసుకున్నాక లేచి ఇంటికి వస్తుంది.